పూలు మా జాలికి, పేరు కింది జాలికి

మా కరెంటు ప్లాంటు చాలా చిన్నది. నర్సింహులపేట దాటాక కాలువ ఒకచోట కిందికి దూకుతుంది. ఆ దూకే నీళ్లకు ఒక టర్బైన్ తిరుగుతుంది, అంతే. చూడవచ్చినవాళ్లు "గింతేనా?" అని వెళ్లిపోతారు. అవే నీళ్లు ఇంకొంత దూరం పోయి మళ్లీ ఒకచోట దూకుతాయి, అక్కడ ఇంకో ప్లాంటు. మాది పై ప్లాంటు, వాళ్లది కింది ప్లాంటు. మా ఓనరు జనగామలో రైస్ మిల్లు నడిపే సేటు. వాళ్ల ఓనరు భూపాలపల్లిలో బొగ్గు లారీలున్న ఆసామి. నీళ్లు ఒకటే, సబ్‌స్టేషన్ దాకా కరెంటు తీగా ఒకటే. ఒకే ఇంట్లో వేరు పొయ్యిలు పెట్టుకున్న అన్నదమ్ముల్లా ఉండేది వ్యవహారం.

పై ప్లాంటు లెక్కలు రాసేది నేను. కింది ప్లాంటు లెక్కలు రాసేది అక్కడి తండా పిల్ల. నేను ఉద్యోగంలో చేరేనాటికి పలక పట్టుకొని బడికి పోతూ ఉండి ఉంటుంది. ప్రతి నెల మొదట్లో కరెంటు ఆఫీసు మనిషి వస్తే ముగ్గురం సబ్‌స్టేషన్‌లో మీటరు ముందు నిలబడి అంకె చదివి, ఒకే కాగితం మీద సంతకాలు పెట్టాలి. ఆ పిల్ల చదివితే ఆయన రాసేసుకుంటాడు. నేను చదివితే కళ్లద్దాలు తుడుచుకొని ఇంకోసారి చూస్తాడు. ఒళ్లు మండదా మరి?

ఒకటా రెండా. ఆమెకు ఇంటి నుంచి ప్లాంటుకు స్కూటీ మీద చిటికెలో పని. నాకు జనగామ నుంచి తొర్రూరు దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. ఆడవాళ్లకు జీరో టికెట్ వచ్చాక బస్సులో కాలు పెట్టే సందు లేదు, డబ్బులు మిగిలినా మోకాళ్లు మిగలడం లేదు. ఆమె తెచ్చుకునే జొన్నరొట్టెలో తలా ఒక ముక్క కావాలంటారు, నా పులిహోర ఎవరూ అడగరు. ఫోనులో వాళ్లమ్మతో తండా భాషలో మాట్లాడి నవ్వుతుంది. ఆ భాష నాకు రాదు కాబట్టి నా గురించే అనుకుంటాను.

అన్నిటికంటే నన్ను కాల్చింది నివేదిక. ఎన్ని యూనిట్లు తీశారు, ఖర్చెంత, రెండు ప్లాంట్లకూ ఉమ్మడిగా అయిన ఖర్చు ఎవరెంత భరించారు అని ఏడాదికోసారి హైదరాబాద్‌లోని నియంత్రణ మండలికి లెక్క పంపాలి. పంపేముందు సేటు రెండు నివేదికలూ పక్కపక్కన పెట్టుకొని చూసేవాడు.

"చూడు బిడ్డా, గా పిల్ల ఎంత పొదుపుగ నడుపుతుందో! మనకే ఎందుకు గింత కూలి?"

ఎందుకంటే మాకు జాలి ఉంది కాబట్టి. టర్బైన్‌లోకి చెత్త పోకుండా నీళ్లకు అడ్డంగా పెట్టే ఇనుప జాలి. అలాంటిది వాళ్లకూ ఉంది, కానీ కాలువ మోసుకొచ్చేదంతా ముందు మా దగ్గరే ఆగుతుంది. గుర్రపుడెక్క, సీసాలు, చెప్పులు, ఒక్కోసారి చచ్చిన మేక. మా కూలీలు పొడుగు కర్రల దంతెలతో అదంతా లాగి గట్టున పోస్తే, కడిగిన ముత్యంలాంటి నీళ్లు కిందికి పోతాయి. ఆ నీళ్లతో ఆ పిల్ల పొదుపు చేస్తుంది. సొమ్మొకడిది, సోకొకడిది.

ఇలా ఉండగా ఓనర్లిద్దరూ ఒక నిర్ణయానికి వచ్చారు. లెక్కలకు ఇద్దరు మనుషులెందుకు, జనగామ మిల్లు మేడ మీద గదిలో ఒకరిని కూర్చోబెట్టి రెండు నివేదికలూ రాయిద్దాం, జీతం చెరి సగం ఇద్దాం అన్నారు. రెండో మనిషి ప్లాంటు దగ్గరే లాగ్‌బుక్ రాసుకుంటూ ఉండాలట. దసరా తర్వాత కూర్చొని ఎవరన్నది తేలుస్తామన్నారు.

మిల్లు మా ఇంటి నుంచి నడిచిపోయేంత దూరం. ఆ కుర్చీ నాకు కావాలి. ఇంత గట్టిగా ఏదీ కోరుకున్నట్టు గుర్తు లేదు. కానీ పొదుపు పేరంతా ఆమెది. ఆ పొదుపు మా కూలీల చెమటేనని నిరూపించాలి. చెత్త తీసే కూలిని ఉమ్మడి ఖర్చు కింద రాసి సగం వాళ్లమీద వేస్తే సరి, ఆమె నివేదిక రంగు బయటపడుతుంది. చిక్కల్లా ఒక్కటే. ఉమ్మడి ఖర్చు రెండు నివేదికల్లోనూ ఒకేలా ఉండాలి, రెండు వైపులా సంతకం ఉండాలి. అంటే ఆమె ఒప్పుకోవాలి.

ఆలోచించి సద్దుల బతుకమ్మ మర్నాడు రమ్మన్నాను. పై ఊళ్లన్నీ రాత్రి కాలువలో వదిలిన బతుకమ్మలు తెల్లారేసరికి మా జాలికి వచ్చి ఆగుతాయి. తంగేడు, గునుగు, బంతి, నీళ్లే కనబడవు. ఆ ఒక్కరోజు మా కూలీలు చెప్పులు విడిచి, దంతెను కళ్లకద్దుకొని దిగుతారు. ఆ పూలను చెత్తకుప్పలో వెయ్యరు. బస్తాల్లోకి ఎత్తి, ఎవరూ తొక్కని చోట వేప చెట్ల మొదళ్లలో పోసి వస్తారు. అందుకే ఆ రోజు కూలి మామూలుకు రెట్టింపు. సేటుకు ఇది ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కలేదు.

ఆమె స్కూటీ దిగి, చెప్పులు విడిచి, చున్నీ నడుముకు చుట్టుకొని జాలి దగ్గరికొచ్చి అలాగే నిలబడిపోయింది.

"గిన్ని పూలా అక్కా! మా చిన్నప్పుడు గివన్నీ మా తండా దాక కొట్టుకొచ్చేటివి. నీళ్లల్ల దుంకి పట్టుకునేటోళ్లం. మీ జాలి పెట్టినంక ఒక్క పువ్వన్న రాలే. మీరు అదృష్టవంతులక్కా."

"అదృష్టం కాదు చెల్లె, కూలి. సగం మీరు పెట్టుకోవాలె," అన్నాను కటువుగానే.

"పెట్టుకోవాల్సిందే గదక్కా. గీ నీళ్లే గద మాకొచ్చేది. ఏడ చెయ్యాలె సంతకం?"

ఆమె కాదంటే ఏమనాలో, దానికామె ఏమంటే నేనేమనాలో రాత్రంతా వల్లించుకున్నాను. ఒక్క మాటా వాడుకోనివ్వలేదు. సంతకం చేసి, తానూ ఒక దంతె అందుకుంది. మా కూలీలు ఆమెను చూసి మురిసిపోయారు. అదీ చూడాల్సి వచ్చింది. అయినా ఆ సాయంత్రం బస్సులో నిలబడి వచ్చినా మోకాళ్లు నొప్పెట్టలేదు.

దసరా తర్వాత మిల్లు మేడ మీద కూర్చున్నాం, ఓనర్లిద్దరు, మేమిద్దరం. భూపాలపల్లి ఆసామి కాళేశ్వరం ప్రసాదం తెచ్చి అందరికీ పెట్టాడు. నివేదిక తిరగేస్తూ ఒకచోట ఆగి ఆమెవైపు చూశాడు.

"గీ కూలి మనమీదికి ఎట్లొచ్చింది? ఏనాడు లేదు గద!"

అయిపోయింది ఈమె పని అనుకున్నాను.

"పైనోళ్లు చెత్త తీస్తెనే మనకు నీళ్లు సాఫ్‌గ వస్తున్నయి సార్. పోయి నా కండ్లతోని చూసిన. న్యాయంగ సగం మనదే."

ఆయన నివేదిక మూసి బల్ల మీద పెట్టాడు. మాట్లాడింది మా సేటు. ఇన్నేళ్లుగా నేను ఎవరి ఉప్పు తింటున్నానో ఆ సేటే!

"అన్నా, రెండు దిక్కుల లెక్క ఒక్క మనిషే రాయాలంటే, తన దిక్కు నష్టమైనా నిజం రాసేటోళ్లు కావాలె. గీ పిల్లనే కూసోవెడదాం."

"నాకు గూడ గదే అనిపిస్తుంది," అన్నాడు భూపాలపల్లి ఆసామి.

సేటు నావైపు తిరిగి, "ఏమంటవ్ బిడ్డా?" అన్నాడు.

ఏమంటాను? ఆమె నిజాయితీకి సాక్ష్యం తెచ్చి బల్ల మీద పెట్టింది నేనే. "మంచిగుంది సార్," అన్నాను. నోట్లో ప్రసాదం ఉంది కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆమె మా ఊరికి వస్తుంది, నేను వాళ్ల ఊరి దిక్కు పోతాను. పాలకుర్తి బస్టాండులో మా బస్సులు ఎదురుపడతాయి. ఆమె చెయ్యి ఊపుతుంది. కిటికీ పక్క సీటు కూడా ఆమెకే దొరుకుతుంది. నెలాఖరున ఫోన్ చేసి, "అక్కా, చెత్త కూలిల మా సగం ఎంతొచ్చింది?" అని అడుగుతుంది. నేను సాధించిన సగాన్ని ఆమె రాసుకుంటుంది.

ఈసారి కూడా సద్దుల బతుకమ్మ మర్నాడు జాలి నిండింది. కూలీలు చెప్పులు విడిచి దిగారు. అంతలో ఆమె ఫోన్.

"అక్కా, పూలొచ్చినయా? జనగామల కూసుంటే నాకేం కనవడతలేదు. జర ఒక ఫొటో పెట్టవా?"

"పెడతా," అన్నాను.

గట్టు చివరకు పోయి నిలబడి, పచ్చగా తెల్లగా ఆ పూలన్నీ పట్టేలా ఫొటో తీశాను. బాగా వచ్చింది. పంపలేదు. కుర్చీ ఆమెకు పోయింది, పేరు ఆమెకు పోయింది, కూలి చెరి సగం అయింది. ఈ పూలల్లో మాత్రం సగం ఇచ్చేది లేదు.