మగ్గం దగ్గరికెళ్ళిన డాక్టరమ్మ

ఈ ఉదయం హిందూపురంలోని నా క్లినిక్‌లో పట్టుదారం తీసే ఒకావిడ వచ్చి కుర్చీలో కూర్చోగానే ఉడికిన పట్టుగూళ్ళ వాసన గుప్పుమంది. పోయిన వారం ఆమె చిగురులో పెట్టిన మందు పొర ఊడిపోయిందట. "నేనేం చేయలేదమ్మా" అంటూ ముందే బెదిరిపోయింది. ఆ వాసనకు, ఆ మాటకు నాకు శారద మేడమ్ గుర్తొచ్చారు.

చదువయ్యాక నేను మొదట పనిచేసింది ధర్మవరంలో ఆవిడ దగ్గరే. పెనుకొండ నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. మాట కరుకు, చెయ్యి మాత్రం మహా మెత్తన. చిగుళ్ళ జబ్బుకు మందు నింపిన పలచటి పొర పెట్టడం ఆవిడే నేర్పారు. చిటికెన వేలి గోరంత ఉంటుంది. పంటికీ చిగురుకూ మధ్య పడిన సందులో దూరిస్తే అక్కడే ఉండి మెల్లగా కరుగుతుంది. ముందుగా పంటికి పట్టిన గార తీసి శుభ్రం చేయాలి, ఆ చోటు తడి లేకుండా తుడవాలి. ఉమ్మి తగిలిందా, పొర మెత్తబడి ట్వీజర్‌కే అతుక్కుంటుంది. నేను హడావుడి పడితే, "బస్సు పోతాందా ఏమే?" అనేవారు.

ఒకసారి నాగప్ప అనే నేతగాడు బిక్కమొహంతో వచ్చాడు. ముందు పళ్ళు కదులుతున్నాయి. ఎక్కడో చూపించుకుంటే పీకించుకోమన్నారట. "పండ్లు పోతే నేను మగ్గమెట్ల నేసేది డాక్టరమ్మా?" అన్నాడు. పళ్ళకూ మగ్గానికీ సంబంధమేమిటో మాకు అర్థం కాలేదు. శుభ్రం చేసి పొర పెట్టాం. రెండు రోజులకే ఊడింది. మళ్ళీ పెట్టాం, మళ్ళీ ఊడింది. ఇక పీకడమే దారేమో అనిపించింది నాకు.

మేడమ్ మాత్రం ఆ సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని నాగప్ప ఇంటికి వెళ్ళారు. మగ్గం పక్కన చాప మీద కూర్చుని, "నువ్వు నెయ్యప్పా, మేం చూస్తాం" అన్నారు. కాసేపటికి ఒక పోగు తెగింది. నాగప్ప ఒక కొసను ముందు పళ్ళతో పట్టుకుని, రెండో కొసను లాగి ముడివేసి, మిగిలింది పటుక్కున కొరికాడు. అంతా రెప్పపాటులో అయిపోయింది.

మేడమ్ పెద్దగా నవ్వేశారు. "చూసినావా? ఈయప్పకు నోరే మూడో చెయ్యి!"

నాగప్ప తెల్లబోయాడు. "నేను కొరికినానా? నాకే తెలీదే!"

పొర కరిగేదాకా తెగిన పోగులు అతికే పని మేడమ్ అతని భార్యకు అప్పగించి, కత్తెర ఆమె చేతికిచ్చారు. "నువ్వు నోరు మూసుకోని నెయ్" అని నాగప్పతో అంటే, "ఆ మాట నేను జెప్తే వినడమ్మా" అని ఆమె పకపకా నవ్వింది. ఈసారి పొర నిలిచింది. వాపు తీసింది, పళ్ళ కదలిక తగ్గింది. పీకే అవసరం రాలేదు.

మేడమ్ పోయిన రోజు నాగప్ప పెనుకొండకు వచ్చాడు. అందరిలో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడుస్తున్న ఆ నోట్లో ముందు పళ్ళన్నీ ఉన్నాయి. అవి చూశాక నాకూ ఏడుపు ఆగలేదు. అంత మంచి వైద్యం నేను మళ్ళీ చూడలేదు.

ట్వీజర్ పక్కన పెట్టి ఈ పట్టుగూళ్ళావిడను అడిగాను. "నువ్వు రోజూ చేసే పని ఒకసారి చేసి చూపించమ్మా."

ఆమె సిగ్గుపడుతూ, లేని దారాన్ని గాలిలో లాగింది. లాగి, నోటి దగ్గరికి తెచ్చుకుని, ఆగిపోయింది.