నేను రుచి చూడని చీజ్

పదకొండేళ్లుగా ఒక ఊరు నన్ను నిజాయితీపరుడని అనుకుంటోంది. ఆ బరువు ఎలా ఉంటుందో ఎవరికైనా చెప్పాలని ఎన్నోసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ ఏదో పని గుర్తొచ్చి లేచిపోయాను. ఈసారి లేవను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే ధైర్యం వచ్చిందేమో. ఇది ధైర్యమేనా అన్నది కూడా అనుమానమే.

నాకు యాభై మూడేళ్లు. తెనాలి దగ్గర పుట్టాను. డెయిరీ టెక్నాలజీ చదివాను. క్వీన్స్‌లాండ్‌లో, టూవూంబాకు గంట దూరంలో ఉన్న ఒక చిన్న ఊళ్లో, పాల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఊరి పేరు రాయను.

ఆ ఊళ్లో ఏటా చీజ్ పండుగ జరుగుతుంది. అది ఎలా మొదలైందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే దాని చరిత్ర రాసింది నేనే. ఆ సంగతికి తర్వాత వస్తాను. చాలా ఏళ్ల కిందట ఊరి పాత ఫ్యాక్టరీ మూతపడింది. పాలు కొనేవాళ్లు లేక పారబోస్తున్నారు. చూడలేక ఐదుగురు ఆడవాళ్లు ఇళ్లలో చీజ్ చేసి, ఊరి హాల్లో ఒక బల్ల మీద పెట్టారు. ఆరోజు జోరున వాన. ఎవరూ రాలేదు. ఆ ఐదుగురే ఒకరిది ఒకరు తిని, ఎవరిది బాగుందో చీటీలు రాసుకుని ఇళ్లకు పోయారు. ఆ చీటీలే తర్వాత పోటీ అయ్యాయి. ఇప్పుడు పండుగ రోజున మెయిన్ స్ట్రీట్ మూసేస్తారు, ట్రాక్టర్లు ఊరేగుతాయి, బ్రిస్బేన్ నుంచి కూడా జనం వస్తారు.

నేను వెళ్లేసరికి ఆ ఐదుగురిలో ఒక్కరే మిగిలారు. ఆమెను మార్జరీ అంటాను. అసలు పేరు అది కాదు. డెబ్భై దాటిన మనిషి, పొలంలో ఒక్కతే ఉండేది, పదిహేను ఆవులు. ఆమెది పాత పద్ధతి చీజ్. బండి చక్రమంత పెద్దది కాదుగానీ ఒకరు ఎత్తడానికి కష్టమైనంత ఉండేది. చుట్టూ గుడ్డ, గుడ్డ మీద పంది కొవ్వు పూత. పాలు గట్టిపడటానికి వేసే రెన్నెట్ దూడ కడుపు పొర నుంచి తీసింది. తోడు మాత్రం ఆమె సొంతం. మనం పెరుగు గిన్నెలో కాస్త మిగిల్చి మర్నాటికి తోడు వేసుకున్నట్టు, ఆమె నలభై ఏళ్లుగా ఒకే తోడును సీసాల్లో బతికిస్తూ వచ్చింది.

నేను శాకాహారిని. గుడ్డు కూడా ముట్టను. మా ఫ్యాక్టరీలో వాడే రెన్నెట్ జంతువులది కాదు కాబట్టి ఉద్యోగంలో ఇబ్బంది రాలేదు. పండుగలో పాత పద్ధతి చీజ్‌లకు మూడో జడ్జిగా రమ్మని కమిటీ అడిగినప్పుడు, ఇదీ సంగతి అని చెప్పి తప్పుకోవాలి. రెండు నిమిషాల పని. ఎందుకు చెప్పలేదు? పాల చదువు చదివి, పాల మీద బతుకుతూ, ఈ చీజ్ తినను అంటే నవ్వుతారనుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, బయటి నుంచి వచ్చినవాణ్ణి ఆ బల్ల వెనక కూర్చోబెట్టడం అదే మొదటిసారి. నాకది కావాలి. నలుగురిలో చాలా మామూలుగా, ఎప్పటినుంచో అక్కడే ఉన్నవాడిలా కూర్చోవాలి.

జడ్జి పని పెద్ద కష్టమేం కాదు. బస్తాలోకి గుచ్చి బియ్యం నమూనా తీసే గొట్టం లాంటిదే చిన్నది ఒకటి ఇస్తారు. చీజ్‌లోకి గుచ్చి, తిప్పి, లాగితే వేలెడు ముక్క వస్తుంది. వాసన చూడాలి. రెండు వేళ్ల మధ్య నలపాలి. నాలుక మీద పెట్టుకుని, నమిలి, పక్కనున్న బకెట్లో ఉమ్మాలి. నేను మొదటి రెండూ చేశాను. మూడోది చేసినట్టు కనిపించాను. ముక్కను పెదవుల దాకా తీసుకెళ్లి, చేతిరుమాల్లోకి జార్చి, బకెట్ మీదికి వంగాను. వాసనే సగం రుచి చెబుతుందని మాకు కాలేజీలో చెప్పారు. అది పట్టుకుని అన్నిటికీ మధ్యస్థంగా మార్కులు వేసుకుంటూ పోయాను.

పక్కనున్న జడ్జి నా కాగితంలోకి తొంగి చూసి, "అందరికీ ఒకేలా వేస్తున్నావేంటి మేట్, వచ్చే ఎలక్షన్లో నిలబడతావా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ భయం పట్టుకుంది. రుచి చూసినవాడికి ఏదో ఒక గట్టి అభిప్రాయం ఉండాలి కదా. తర్వాత వచ్చింది మార్జరీ చీజ్. లోపలి ముక్కలో చిన్న పులుపు వాసన తగిలింది. మా ఫ్యాక్టరీ చీజ్‌లో ఆ వాసన వస్తే వెనక చేదు ఉంటుంది, నా అనుభవం. అందుకని రుచికి బాగా తక్కువ మార్కులు వేసి, పక్కన ఇంగ్లిష్‌లో రాశాను: చేదుగా ఉంది. మొదటి బహుమతి ఆమె చేతిలోంచి పోయింది.

ఇంటికొచ్చాక మా ఆవిడ గుమ్మంలోనే అడిగింది. "ఏవండీ, నిజం చెప్పండి. నోట్లో పెట్టుకున్నారా?"

"లేదు."

"ఒట్టు?"

"ఒట్టు. వాసనే చూశా."

"అయినా సరే, ముందు స్నానం చేసి రండి. ఆ షర్ట్ లాండ్రీలో వేసేయండి, కిచెన్‌లోకి రావద్దు."

ఆ ఆదివారం టూవూంబాలో ఒక డాక్టరుగారింట్లో బార్బీ, అంటే పెరట్లో కాల్చుకు తినే విందు. అందరూ మనవాళ్లే. మాలాంటివాళ్ల కోసం పెనం మీద ఒక మూల రేకు పరిచి మొక్కజొన్న, పనీర్ కాలుస్తున్నారు. నేను ఈ కథ చెప్పాను. నటించి చూపించాను కూడా, చేతిరుమాలు తీసి. పొట్ట పట్టుకుని నవ్వారు. "మనోడు ముక్కుతో తింటాడ్రా," అన్నాడు డాక్టరు. ఇంకొకాయన, "నెక్స్ట్ ఇయర్ నన్ను పిలవమనండి, ఫోటో పంపితే చాలు, వర్క్ ఫ్రమ్ హోమ్ మార్కులేస్తా," అన్నాడు. యూనివర్సిటీకి వెళ్తున్న డాక్టరుగారి అమ్మాయి ఒక్కతే నవ్వలేదు. "బట్ అంకుల్, సమ్‌బడీ మేడ్ దట్," అంది. ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు. మనవాళ్ల మధ్య నియమం తప్పని మనిషిని, ఊరివాళ్ల మధ్య రుచి తెలిసిన మనిషిని. రెండు చోట్లా పేరు నిలబెట్టుకున్నానని సంతోషించాను. ఎంత తృప్తిగా కారు నడిపానో ఆ సాయంత్రం.

రెండు వారాలకు, మధ్యాహ్నం లంచ్ వేళ, మార్జరీ ల్యాబ్‌కు వచ్చింది. చేతిలో నా మార్కుల కాగితం, నాలుగు మడతలు పెట్టి. పోటీ అయ్యాక ఆ కాగితాలు చేసినవాళ్లకు పంపుతారు. ఆ ఊళ్లో పెద్దవాళ్లు అందరినీ లవ్ అనే పిలుస్తారు, ఆమె కూడా అంతే.

"తగాదాకి రాలేదు లవ్, కూర్చో. చేదు అని రాశావు కదా. ఎక్కడ తగిలింది? నాలుక ముందా, వెనకా?"

"వెనక," అన్నాను.

"పెట్టుకోగానేనా, కాసేపు ఆగాకనా?"

"ఆగాక. కొంచెం."

ఆమె పెన్సిల్ తీసి కాగితం వెనక రాసుకుంది. నేను చెప్పింది చెప్పినట్టు. తర్వాత అంది: "మిగతా ఇద్దరూ బ్రహ్మాండం అని రాశారు. వాళ్లు నా చీజ్ తింటూ పెరిగినవాళ్లు. నాకు బాధ కలుగుతుందని ఏమీ అనరు. నీకు నేనెవరో తెలియదు. అందుకే నీ మాట పట్టుకున్నా."

"అది ఒక్కరి అభిప్రాయమే కదా," అన్నాను.

"నాకు ఇప్పుడు ఆ ఒక్కటీ లేదు లవ్. పోయిన చలికాలం ట్రీట్‌మెంట్ తర్వాత నాలుక చచ్చిపోయింది. టీ తాగినా వేడినీళ్లే, ఉప్పేసినా వేడినీళ్లే. ఎవరికీ చెప్పలేదు. చేతుల అలవాటు మీద చేస్తున్నా. చెయ్యి తప్పితే నాకెలా తెలుస్తుంది? ఎవరో ఒకరు చెప్పాలి. నువ్వు చెప్పావు."

అప్పుడు చెప్పొచ్చు. గదిలో ఇద్దరమే. నేను తినలేదండీ, అంతే. ఆమె తిట్టేది, లేదా నవ్వేది. తోడు సీసాలు బతికి ఉన్నాయి, ఆవులు ఉన్నాయి. ఆ చీజ్‌ను చేసినావిడ రుచి చూడలేదు, తప్పు పట్టినవాడూ చూడలేదు, ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని దాని చేదు నాలుకకు ఎక్కడ తగులుతుందో మాట్లాడుకుంటున్నాం. ఇది తెలిసింది నా ఒక్కడికే. నేనేమన్నానో తెలుసా? "మేత మారిందేమో చూడండి," అన్నాను.

ఆమె లేచి, వెళ్లేముందు సంచిలోంచి కాగితం చుట్టిన ముక్క తీసి బల్ల మీద పెట్టింది. పోటీకి పెట్టిన చీజ్‌లోనిదే. "నిజం చెప్పినందుకు. చేదుగా ఉందంటే పారెయ్ లవ్, ఏమీ అనుకోను." ఈ నెలాఖరుకల్లా ఆవులు పంపేసి, పని ఆపేస్తానని కూడా అంది. జనానికి చెడ్డ చీజ్ పెట్టలేనంది.

ఆ ముక్కను గరాజ్‌లోని ఫ్రిజ్‌లో దాచాను. ఎనిమిది రోజులు. శనివారం మా ఆవిడ షాపింగ్‌కు వెళ్లినప్పుడు, గరాజ్ తలుపు వేసుకుని, చాకుతో కోసి నోట్లో పెట్టుకున్నాను. నలభై రెండేళ్లలో మొదటిసారి. మింగాను కూడా. ఎందుకు తిన్నాను? చేదుగా ఉంటే బాగుండునని తిన్నాను. ఉంటే బతికిపోతాను. ఇంకో ముక్క తిన్నాను. నాలుక వెనక, కాసేపు ఆగాక, ఆమె అడిగినట్టే వెతికాను. చేదు లేదు. ముందు ఉప్పగా, తర్వాత వేరుశనగ వేయించిన వాసన, చివర తియ్యగా ఉంది. అంత మంచి చీజ్ నేను మళ్లీ ఎక్కడా తినలేదు. అవును, తర్వాత తింటూనే ఉన్నాను. ఆ సంగతి ఇంట్లో ఇప్పటికీ తెలియదు.

వెంటనే కారు తీసి ఆమె పొలానికి బయల్దేరాను. చెప్పేద్దామనే వెళ్లాను, నమ్మండి. వాకిట్లో ట్రైలర్ నిలబడి ఉంది. పాలు కాచే పెద్ద స్టీలు తొట్టిని షెడ్డులోంచి ఒక్కతే ఈడ్చుకొస్తోంది. గోడ వారన తోడు సీసాలు కడిగి బోర్లించి ఉన్నాయి. తోడు పారబోసేసింది.

"మంచి సమయానికొచ్చావు లవ్," అంది. "ఆ వైపు పట్టుకో."

పట్టుకున్నాను. ఇద్దరం కలిసి తొట్టిని ట్రైలర్ ఎక్కించాం. తాడు నేనే కట్టాను. గట్టిగా కట్టాను, దారిలో జారిపోకుండా. ఆమె నీళ్లు ఇస్తే తాగి ఇంటికొచ్చేశాను. తోడు పోయాక చెప్పి ఏం లాభం అని దారంతా అనుకున్నాను. లాభం ఎవరికి అని మాత్రం నన్ను నేను అడగలేదు. తోడు పోయినా ఆమె చేతులు ఉన్నాయి, ఆ చేతులు బాగున్నాయని ఆమెకు తెలియాలి. అది చెప్పడానికి తోడుతో పనేముంది?

తర్వాతి ఏడు పండుగల్లో ఆమె గేటు దగ్గర కూర్చుని జనం చేతులకు రిబ్బన్లు కట్టేది. నన్ను చూసినప్పుడల్లా పక్కవాళ్లతో, "ముఖం మీద నిజం చెప్పగలవాడు ఈయనొక్కడే," అనేది. ఆ మాట ఊరంతా పాకింది. నన్ను పెద్ద జడ్జిని చేశారు. వద్దనలేకపోయాను. వద్దంటే కారణం చెప్పాలి. మూడేళ్ల కిందట ఆమె పోయింది.

పోయిన ఏడాది పండుగ చరిత్రను పుస్తకంగా వేద్దామనుకుని, ఆ పని నాకే అప్పగించారు. మార్జరీ గురించి ఒక పేజీ రాశాను. మొదటి బల్ల, వాన, చీటీలు, అన్నీ. చివర ఆమె ఎందుకు మానేసిందో రాయాలి. ఖాళీగా వదిలేయొచ్చు. నేను రాసిన వాక్యం ఇది: 'వయసు మీదపడి చేతి నైపుణ్యం తగ్గడంతో ఆమె గౌరవంగా తప్పుకున్నారు.' ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. పదకొండేళ్ల కింద చేసింది భయంతో అనుకుందాం. ఇది? ఇంట్లో తీరిగ్గా కూర్చుని, కాఫీ పక్కన పెట్టుకుని రాసింది ఇది.

పుస్తకం చేతికొచ్చాక ఉండబట్టలేక కమిటీ ప్రెసిడెంట్‌తో మొత్తం చెప్పాను. విని, గడ్డం గోక్కున్నాడు. "ఆవిడ పోయింది మేట్. పుస్తకం అచ్చయింది. జనం ఇక్కడికి వచ్చేది స్కోన్ బన్నులు తినడానికి, అది చదవడానికి కాదు. వదిలెయ్," అంటూ నా భుజం తట్టాడు. ఆ తట్టడం కంటే తిట్టినా బాగుండేది.

బ్రిస్బేన్‌లో ఉన్న ఆమె కూతురికి ఉత్తరం రాశాను. క్షమించమని అడగలేదు, జరిగింది రాశాను. నెల తర్వాత జవాబు వచ్చింది. ఒకటే వాక్యం. 'చివరి రోజుల్లో మా అమ్మ, చెడిపోయిన చీజ్ ఎంతమందికి పెట్టిందో అని పేర్లు లెక్కపెట్టుకునేది.'

ఇప్పుడు ఇది తెలుగులో రాస్తున్నాను. ఆ ఊళ్లో ఈ భాష చదవగలిగింది నేనూ మా ఆవిడా మాత్రమే. ఇందులో కూడా దాక్కుంటున్నానని మీకు అనిపిస్తే, నాకూ అనిపిస్తోంది. కానీ ఇక్కడైనా అచ్చులో ఒకచోట సరిగ్గా ఉండాలి. ఆమె చేయి తప్పలేదు. ఆ చీజ్ చేదుగా లేదు. అది తినకుండానే నేను చేదని రాశాను.