పెన్సిల్‌తో రాసిన పరీక్ష చీటీ

2018 అక్టోబరులో నేను జర్మనీలోని జూల్ పట్టణంలో, ఒక తుపాకుల దుకాణం వెనుక వర్క్‌షాపులో పనిచేస్తున్నాను. థూరింగెన్ అడవుల నడుమ ఉన్న ఈ ఊరికి తుపాకుల తయారీలో తరతరాల పేరుంది. అమ్మకానికి వచ్చిన పాత ఆయుధాలను పరీక్షించి, వాటి స్థితి రాసిపెట్టడం నా పని.

ఈ వృత్తిలో మెట్లు మూడు. నేర్చుకునేవాళ్ళు, పరీక్ష నెగ్గి పనిచేసే గెజెల్లెలు, ఆ పైన మైస్టర్. దుకాణం మైస్టర్‌దే. నేను ఈ మూడింటిలో దేనిలోనూ లేను. కాగితాల్లో నా హోదా ‘సహాయకురాలు’. పని నేర్పింది మా నాన్న. ఏలూరులో మా ఇంటి వసారాయే ఆయన లైసెన్సున్న మరమ్మతు దుకాణం. బ్యాంకు కాపలాదారుల తుపాకులు, చేలమీద పడే పందుల్ని బెదిరించడానికి రైతులు పెట్టుకునే తుపాకులు అక్కడికి వచ్చేవి. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల నన్ను బడి మాన్పించారు. అక్షరాలూ, లెక్కలూ, ఆకురాయి పట్టడమూ అన్నీ ఆ బల్ల దగ్గరే నేర్చుకున్నాను. ప్రార్థన చేసుకోకుండా ఏ ఆయుధాన్నీ ముట్టనిచ్చేవారు కాదాయన. ఆ అలవాటు నాకు పనిలో చివరి రోజుదాకా ఉంది.

మా ఆయన ఉద్యోగం వెంట జర్మనీ వచ్చాక, పని కోసం తొక్కిన గడపలన్నీ సర్టిఫికెట్ అడిగాయి. అడగనివారు ఈ మైస్టర్ ఒక్కరే. జోడుగొట్టాల తుపాకీ లాక్, అంటే దాన్ని పేల్చే యంత్రాంగం, ఒకటి విప్పి, ముక్కల్ని పళ్ళెంలో పోసి నా ముందు పెట్టి, కాఫీకి వెళ్ళారు. ఆయన తిరిగొచ్చేసరికి అది బిగించి ఉంది. మర్నాటి నుంచి రమ్మన్నారు. ఆ మేలుకు ఏళ్ళ తరబడి ప్రతి ఉదయం దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను, ఇప్పటికీ చెప్పుకుంటున్నాను. ఇది ముందుగా చెప్పడానికి కారణం, ఇకపై చెప్పబోయే సంగతి మీద నా కోపం ఇంకా చల్లారలేదు. రెండూ నిజమే.

పరీక్ష చేసిన ప్రతి ఆయుధానికీ ఒక చీటీ ఉంటుంది. కొనేవారికి చూపించేది, ఫైల్లో ఉండేది అదే. నేను దాన్ని పెన్సిల్‌తో నింపేదాన్ని, మైస్టర్ చదివి, నా అక్షరాల మీదే సిరాతో దిద్ది సంతకం చేసేవారు. పెన్సిల్ వాడమని నాకెవరూ చెప్పలేదు. సర్టిఫికెట్ లేనిదాన్ని, మైస్టర్ కంటే ముందు సిరా పెట్టడం మర్యాద కాదని నేనే అనుకున్నాను. పెద్దలు కూర్చోకముందు పీట వాల్చుకోని ఇంటినుంచి వచ్చినదాన్ని మరి.

ఆ నెలలో ఒక ముసలి వేటగాడి కుటుంబం, ఆయన పోయాక, ఫోర్టీఫోర్ మాగ్నమ్ రివాల్వర్ ఒకటి తెచ్చి ఇచ్చింది. ఆరు తూటాలది, ఆరంగుళాల బ్యారెల్. పైకి నిగనిగలాడుతోంది. పాత రివాల్వర్‌ను నిగనిగ చూసి కొనకూడదు. కొత్తగా నల్లరంగు ఎక్కించినదైతే మరీ అనుమానించాలి. స్క్రూల తలలు చిట్లి ఉన్నాయంటే ఎవరో తెలియనివాళ్ళు లోపల చేయి పెట్టారన్నమాట. దీని స్క్రూలు రెండు చిట్లి ఉన్నాయి.

మొదట సిలిండర్ తెరిచి తూటాలు పట్టే ఆరు గదులూ ఖాళీయేనని కంటితోనూ వేలితోనూ చూసుకున్నాను. బ్యారెల్ వెనుక అంచు మీద దీపం వేసి పగుళ్ళు వెతికాను. లేవు. సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందును ఫీలర్ గేజ్ రేకులతో కొలిచాను. బాగానే ఉంది. ఇక మిగిలింది అసలు పరీక్ష. హ్యామర్‌ను బొటనవేలితో వెనక్కి లాగితే సిలిండర్ తిరిగి, ఒక గది సరిగ్గా బ్యారెల్‌కు ఎదురుగా నిలవాలి. అదే క్షణంలో కింద ఉన్న గడియ పడి దాన్ని కదలకుండా పట్టుకోవాలి. దీన్ని నెమ్మదిగా, గడియారం ముల్లు కదిలినంత నెమ్మదిగా చేయాలి. గబుక్కున లాగితే సిలిండర్ తన బరువు ఊపుతోనే మిగతా దూరం దొర్లి గడియలో పడుతుంది, లోపం దాక్కుంటుంది. నెమ్మదిగా లాగినప్పుడు ఈ రివాల్వర్‌లో నాలుగు గదులు నిలిచాయి. రెండు గదులు వెంట్రుకవాసి ముందే ఆగిపోయాయి, గడియ పడలేదు. సిలిండర్‌ను తిప్పే చిన్న ఉక్కు కొక్కెం అరిగిపోయింది.

అలాంటి స్థితిలో పేలిస్తే గుండు బ్యారెల్ అంచును గీరుకుంటూ పోతుంది. చెక్కుకుపోయిన సీసం ఆ సందులోంచి పక్కకు చిమ్ముతుంది. కాల్చేవాడికంటే పక్కన నిలబడినవాళ్ళ కళ్ళకే ప్రమాదం ఎక్కువ. చీటీలో అదే రాశాను. మూడో గది, ఐదో గది గడియ పడటం లేదు, కొక్కెం మార్చేవరకు అమ్మరాదు. మైస్టర్ చదివారు. విడిభాగం తెప్పిస్తే క్రిస్మస్ దాటుతుందని మాత్రం అన్నారు.

పది రోజుల తర్వాత ఒక శనివారం వర్క్‌షాపు తలుపు దగ్గర ఒక యువకుడు నిలబడి, తెలుగులో పలకరించాడు.

“ఆంటీ, జూల్‌ల ఒక తెలుగామె తుపాకులు బాగు చేస్తదని మా క్లబ్బుల చెప్తే నమ్మలే నేను.”

“ఇప్పుడు నమ్మావా బాబూ?”

“మీ చేతుల నూనె చూసినంక నమ్మిన.”

పేరు కిరణ్, ఊరు వరంగల్. పక్కనే ఉన్న ఇల్మెనౌలో చదువుకోవడానికి వచ్చి, చదువుకున్న విదేశీయులకిచ్చే బ్లూ కార్డు వీసా మీద అక్కడే ఇంజినీరుగా స్థిరపడ్డాడు. ఇలాంటి పిల్లలు ఆ ఏళ్ళలో చాలామంది వచ్చారు. తుపాకీ పట్టినవాడు మాత్రం నాకు తెలిసి ఇతనొక్కడే. క్లబ్బులో చేరి, పట్టువిడవకుండా సాధన చేసి, ఆయుధ పరిజ్ఞాన పరీక్ష రాసి, ఆఫీసులో టెర్మిన్ కోసం, అంటే వాళ్ళిచ్చే సమయం కోసం, నెలలు కాచుకుని, ఈ కాలిబర్ రివాల్వర్ ఒకటి కొనడానికి అనుమతి తెచ్చుకున్నాడు.

“దొరికింది ఆంటీ. ముంగట ఉన్నదే, ఫోర్టీఫోర్. వచ్చే వారం రేంజికి తీస్కపోత. మా ఇంటామె స్వప్న గూడ వస్తది, పక్క లేన్‌ల నిలబడి నన్ను ఎక్కిరించనీకె.”

నా చేతిలో పని ఆగిపోయింది. చీటీ చూపించమన్నాను. ఆరు గదులూ సరిగా నిలుస్తున్నాయి, స్థితి మంచిది అని సిరాతో రాసి, కింద మైస్టర్ సంతకం. చీటీని దీపం కింద ఏటవాలుగా పట్టుకున్నాను. రబ్బరు పెన్సిల్ నలుపును తీసేసింది గానీ, నేను నొక్కి రాసిన గీతల లోతును తీయలేకపోయింది. మూడు, ఐదు, అమ్మరాదు. సిరా అక్షరాల కింద నా అక్షరాలు గుంటలుగా కనిపిస్తూనే ఉన్నాయి. నా రాతను కాదనే హక్కు మైస్టర్‌కు ఉంది. కాదంటే గీత కొట్టి, పక్కన తన మాట రాయాలి. ఆయన అలా చేయలేదు. నా కళ్ళు చూసినదాన్ని చూడనట్టు చేశారు.

కిరణ్ నా ముఖం చూసి గొంతు తగ్గించాడు. “ఏమన్న ఉంటే తెలుగుల చెప్పుండ్రి ఆంటీ. ఆయనకు సమజ్ కాదు. ఏదో సాకు చెప్పి నేను పోత.”

అది సులువైన దారే. నా బల్లా నాకుండేది, అతని భార్య కళ్ళూ క్షేమంగా ఉండేవి. కానీ ఆ తర్వాత వచ్చేవాడికి తెలుగు రాదు. పైగా ఆయన ఎదుటే ఆయనకు తెలియని భాషలో గుసగుసలాడితే, నేను చేసేది కూడా చెరిపి రాయడమే. కిరణ్‌ను వెంటబెట్టుకుని ముందుకు వెళ్ళి, కౌంటరు మీద రివాల్వర్ ఇవ్వమని మైస్టర్‌ను జర్మన్‌లోనే అడిగాను.

ఆయన సిలిండర్ తెరిచి ఖాళీ అని చూపించి, మూసి, హ్యామర్‌ను ఆరుసార్లు చకచకా లాగారు. ఆరుసార్లూ గడియ పడింది. చూశారుగా అన్నారు. ఇప్పుడు మీరు లాగండి, వీలైనంత నెమ్మదిగా, అని కిరణ్‌కు చెప్పాను. మూడో గది దగ్గర హ్యామర్ పూర్తిగా వెనక్కి వచ్చినా సిలిండర్ ఇంకా రావలసిన చోటికి రాలేదు. కిరణ్ ఎడమచేతి వేలితో కదిపితే అది అటూ ఇటూ ఆడింది.

రేంజిలో ఎవరూ ఇంత నెమ్మదిగా లాగరన్నారు మైస్టర్.

కిరణ్ రివాల్వర్‌ను జాగ్రత్తగా కౌంటరు మీద పెట్టాడు. “మా ల్యాబుల గూడ గంతే ఆంటీ. డెమో జల్ది ఇస్తే అన్ని మంచిగనే పనిచేస్తయ్,” అని నాతో తెలుగులో అని, ఆ మాటనే జర్మన్‌లో మైస్టర్‌కూ చెప్పాడు. తన అనుమతి పత్రాలు తీసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ మా దుకాణంలో ఏదీ కొనలేదు. అతన్ని తప్పు పట్టను.

ఆ మధ్యాహ్నం మైస్టర్ వర్క్‌షాపులోకి వచ్చి, సర్టిఫికెట్ లేని మనిషి కొనేవాడి ముందు మైస్టర్ చీటీని ప్రశ్నించడం ఈ వృత్తిలో లేదన్నారు. ఎవరూ తలుపు తీయనప్పుడు నీకు బల్ల ఇచ్చింది నేను, అని కూడా అన్నారు. బల్ల ఇచ్చినందుకు కృతజ్ఞతలు, నా కళ్ళు మాత్రం ఆ బల్లతో పాటు వచ్చినవి కావు, అవి మా నాన్న దిద్దినవి అన్నాను. పని పోతుందనే అనుకున్నాను. పోలేదు. ఆయన క్షమాపణ చెప్పలేదు, నేను అడగలేదు.

విడిభాగం జనవరిలో వచ్చింది. కొక్కెం కొత్తదైనా నేరుగా కుదరదు. ఆకురాయితో కాస్త రాసి, బిగించి, చూసి, మళ్ళీ విప్పి, ఇలా మూడు రోజులు పట్టింది. ఆరు గదులూ నిలిచాక, దుకాణంలో మొదటిసారి నీలి సిరాతో చీటీ నింపాను. ఏది అరిగింది, ఏది మార్చాను అన్నీ రాసి, కింద నా పేరు పెట్టాను. ఇలా రాయడం అలవాటు లేదే అన్నారు మైస్టర్. అవునన్నాను. ఆయన నా పేరు కింద సంతకం చేశారు. నేను పని విరమించేదాకా చీటీలన్నీ అలాగే వెళ్ళాయి.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. రివాల్వర్‌ను నెమ్మదిగా లాగి చూడండి, అమ్మేవాడి చేత్తో కాదు, మీ చేత్తో. చూసింది సిరాతో రాయండి. మేలు చేసినవారికి మంచి పనితో రుణం తీర్చుకోవచ్చు, చూసినదాన్ని చూడలేదని చెప్పి తీర్చుకోకూడదు. ఆ రోజు చీటీ చెరిపింది మైస్టరే. చెరపడానికి వీలుగా రాసింది మాత్రం నేను.