వెంకటేశ్వరమ్మ పెంచిన ఎకరాలు

శివరామకృష్ణకు ముప్పై ఏళ్ళు. ప్రత్తిపాడు దగ్గర అతని ఊళ్ళో అందరూ పన్నుల పంతులంటారు. గుంటూరులో ఒక ఆడిటరు దగ్గర మిర్చి వ్యాపారుల జీఎస్టీ రిటర్నులు వేస్తూ, వ్యవసాయ ఆదాయం మీద పన్ను గురించి పీహెచ్‌డీలో చేరాడు.

"ఉద్యోగం చేస్తూ రాస్తే నీ థీసిస్, నీ రిటైర్మెంటు ఒకేసారి వస్తాయి. ఏదైనా ఫెలోషిప్ వెతుక్కో" అంది గైడు రాగసుధ.

వెతికాడు. ఒకటి సైన్సు వాళ్ళకట. ఇంకొకటి విదేశాలకు పోయేవాళ్ళకట. మరొకదానికి వయసు దాటింది. పన్నుల మీద పరిశోధన చేసేవాడికి డబ్బిచ్చే పుణ్యాత్ముడు పుట్టలేదనుకుంటుండగా వర్తకుల ట్రస్టు ఒకటి దొరికింది. నెలకు ముప్పై వేలు. షరతల్లా, కుటుంబ ఆదాయం ఏడాదికి ఆరు లక్షలు దాటకూడదు. శివరామకృష్ణ నవ్వుకున్నాడు. ఉన్న రెండెకరాల మిర్చికి ఆరు లక్షలు రావాలంటే నల్లతామర పురుగు తిన్నది కూడా కక్కించాలి.

ఊరి సచివాలయంలో ఆదాయ ధ్రువపత్రానికి అర్జీ పెట్టి ఆఫీసుకు వెళ్ళిపోయాడు. తల్లి వెంకటేశ్వరమ్మకు చెప్పలేదు. కొంప మునిగింది అక్కడే.

ఆ వైపు పెళ్ళి సంబంధం కుదుర్చుకోబోయే ముందు పిల్ల తరఫు మనిషి ఒకడు వాకబుకు వస్తాడు. వచ్చిన పని చెప్పడు, పొలమెంతో అడుగుతాడు. సింగరాయకొండ వాళ్ళు మనిషిని పంపుతున్నారని పెళ్ళిళ్ళ పేరయ్య యలమందయ్య అప్పటికే చెప్పి ఉన్నాడు. అందుకని ఊరికి కొత్తగా వచ్చిన వీఆర్వో కోటేష్ అర్జీ విచారణకని బండి దిగి "శివరామకృష్ణ గారిల్లు ఇదేనా అమ్మా? రాబడి ఎలా ఉంటుంది?" అనేసరికి వెంకటేశ్వరమ్మ కాఫీకి చిక్కటి పాలు పొయ్యి మీద పెట్టింది.

"మాకేం బాబూ! సొంతం రెండెకరాలు, కౌలుకి ఆరు. కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలు టిక్కీలకి టిక్కీలు అట్టాగే ఉన్నాయి. ఏడాదికి పన్నెండు లక్షలకి తగ్గదు!"

కోటేష్ కాఫీ తాగి, విన్నది విన్నట్టు రాసుకున్నాడు.

పత్రంలో పన్నెండు లక్షలు చూసి శివరామకృష్ణ నేరుగా ఇంటికొచ్చాడు. వచ్చాక, "ఎవరో ఏంటో అడగవా అమ్మా?" అని అరిచాడు.

"వాకబుకొచ్చినోణ్ణి ఎవరని అడుగుతారంట్రా ఎక్కడన్నా?"

మర్నాడే ఫెలోషిప్ దరఖాస్తుకు ఆఖరి గడువు. ఇద్దరూ సచివాలయానికి పరుగెత్తారు. తప్పు చెప్పానని ఆమే స్వయంగా చెప్పాలన్నాడు కోటేష్. వెంకటేశ్వరమ్మ నోరు తెరవబోతుండగా యలమందయ్య లోపలికొచ్చాడు. వెనక తెల్ల చొక్కా మనిషి.

"సింగరాయకొండ నించొచ్చారమ్మా. ఒకసారి పొలం వివరాలు చూసుకుందామనీ..."

వెంకటేశ్వరమ్మ ఆ చొక్కాను చూసింది. కొడుకు మొహం చూసింది. కొంగు బిగించింది.

"రాసుకో బాబూ. ఉన్నయ్యి రెండే ఎకరాలు. కౌలు లేదు, కోల్డ్ స్టోరేజీ లేదు. మొన్న నే చెప్పిందంతా కోతలే."

తెల్ల చొక్కా బయట చెప్పులు వెతుక్కుంది. యలమందయ్య తల పట్టుకున్నాడు. కోటేష్ మాత్రం తల ఎత్తకుండా కొట్టేసి రాశాడు.

రెండు నెలలకు ఫెలోషిప్ వచ్చింది. ఆ తర్వాతి వారం చీరాల నుంచి ఇంకో మనిషి వాకబుకు వచ్చాడు. ఈసారి వెంకటేశ్వరమ్మ ముందుగా "మీరు సచివాలయం మనిషి కాదుగా?" అని రెండుసార్లు అడిగింది. కాదన్నాక కుర్చీ వేసింది.

"మావాడు చదువుకుంటున్నందుకే నెలకి అరవై వేలిస్తున్నారండీ!"

లోపల థీసిస్ రాసుకుంటున్న పన్నుల పంతులు దగ్గాడే గానీ, లెక్క సరిదిద్దలేదు.