చేశానండీ, వస్తామన్నారు

నేను బడిలో తెలుగు చెబుతాను. తరగతికి నలభై మంది పిల్లలుంటారు. వాళ్ళ ముందు నిలబడి గంటసేపు మాట్లాడటం నాకు మంచినీళ్ళ ప్రాయం. పేరెంట్స్ మీటింగులో కోపంగా వచ్చిన తండ్రులకు సర్దిచెప్పి పంపిన రోజులూ ఉన్నాయి. కానీ కరెంటాఫీసుకో గ్యాస్ ఏజెన్సీకో ఫోన్ చేయాలంటే చేతులు చల్లబడిపోయేవి. నంబరు నొక్కి చెవి దగ్గర పెట్టుకుని, ఎవరూ ఎత్తకపోతే బాగుండునని వినేదాన్ని. అవతల ఎవరైనా ఎత్తి హలో అంటే మాట్లాడకుండా పెట్టేసిన రోజులూ లేకపోలేదు. నలభై రెండేళ్ళ మనిషిని. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

పెళ్ళికి ముందు కైకలూరులో చేపల మేత అమ్మే షాపులో ఏడాదిపాటు పనిచేశాను. ఫోన్ ఎత్తి ఆర్డర్లు రాసుకోవడం నా పని. రైతులు చెరువు గట్టు మీద నుంచి, మోటార్ల మోతలో మాట్లాడేవారు. ఒకరోజు ఒకాయన ఏ మేత కావాలన్నాడో మూడుసార్లు అడిగినా అర్థం కాక నీళ్ళు నమిలాను. ఓనరు నా చేతిలోంచి ఫోన్ తీసుకుని మాట్లాడాడు. తర్వాత బస్తాలు మోసేవాళ్ళ ముందు నా గొంతు పెట్టి "హ... హలో... ఏం కావాలండీ" అని చేసి చూపించాడు. అందరూ నవ్వారు, వాళ్ళతోపాటు నేనూ నవ్వాను. నా భయానికి అదే కారణమని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. నిజానికి అంతకుముందు కూడా నాకు ఫోనంటే బెరుకే. ఏదో ఒక కారణం ఉంటే మనసుకి సర్దిచెప్పుకోవచ్చని దాన్ని పట్టుకున్నాను.

పెళ్ళయ్యాక ఏలూరులో కాపురం. మా వారికి కైకలూరు దగ్గర ఐస్ ఫ్యాక్టరీలో ఉద్యోగం. పొద్దున్నే బండి మీద వెళితే తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది. ఇంటికి సంబంధించిన ఫోన్లన్నీ ఆయనే చేసేవారు. రెండేళ్ళ క్రితం ఒకరోజు విసుగొచ్చి, "అక్కడ మోటార్ల గోలలో నాకేమీ వినపడదు. ఇంటి బిల్లుల సంగతి ఇకనుంచి నువ్వు చూసుకో" అన్నారు. అలాగేనండీ అన్నాను. అప్పటినుంచి ఏ బిల్లులో తేడా వచ్చినా బడి వదిలాక ఆటో ఎక్కి ఆ ఆఫీసుకే వెళ్ళి, క్యూలో నిలబడి చెప్పుకుని వచ్చేదాన్ని. రెండు నిమిషాల ఫోనుకు రెండు గంటల తిరుగుడు. సాయంత్రం ఆయన అడిగితే, "ఫోన్ చేశాను, అయిపోయింది" అనేదాన్ని.

ఎదురింట్లో ఒక ముస్లిం ఆవిడ ఒక్కరే ఉంటారు. అరవై దాటాయి. చిన్నప్పుడు తివాచీలు నేశారట. ఇప్పుడు మోటారు మిషను మీద చీరలకు ఫాల్స్ కుడతారు, జాకెట్లు కుడతారు. నేను ఆంటీగారూ అంటాను. నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్దవారయినా నన్ను టీచరుగారూ అనీ మీరు అనీ పిలిచేవారు.

ఒక సోమవారం సాయంత్రం కరెంటు బిల్లు పట్టుకుని ఆవిడ మా గుమ్మంలోకి వచ్చారు.

"మీటరు గుడ్డిదైపోయిందండి. అంకెలు కనపట్లేదు. బిల్లాయన ఏదో అందాజుగా వేసిచ్చేడు. ఆఫీసుకి ఫోన్ చేసి కంప్లైంటు ఇమ్మన్నాడండి. అది నొక్కు, ఇది నొక్కు అంటాది, నాకు తెలవదు కదండీ. మీరు చదువుకున్నోరు, కాస్త చేసిపెట్టండమ్మా."

"అలాగేనండీ" అని బిల్లు తీసుకున్నాను. దాన్ని తీసుకెళ్ళి ఫ్రిజ్ మీద పెట్టి, రాత్రి వంటయ్యేదాకా ఆ వైపు చూడలేదు.

మంగళవారం బడికి బయలుదేరుతుంటే ఆవిడ గేటు దగ్గర నిలబడి ఉన్నారు.

"చేసేరాండీ?"

"చేశానండీ. వస్తామన్నారు."

ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. అలవాటైన నోరు, వచ్చేసింది.

"ఎప్పుడంటండి?"

"రెండు మూడు రోజుల్లో."

"అయితే ఇల్లు కదలనండి. మీటరు వసారా లోపలుంది కదా, తాళం చూసి ఎనక్కి పోతాడు" అన్నారావిడ. ఎలాగూ ఇంట్లోనే కూర్చుని కుట్టుకుంటారు కదా, ఏం నష్టం అనుకున్నాను. బుధవారం బడి నుంచి నేరుగా ఆఫీసుకు వెళ్ళి చెప్పి వచ్చేస్తే, చెప్పిన అబద్ధం కాస్తా నిజమైపోతుందని లెక్క వేసుకున్నాను. బుధవారం పరీక్ష పేపర్ల పని పడింది. నేను వెళ్ళేసరికి కౌంటరు మూసేశారు. గురువారం సాయంత్రం ఆవిడ మళ్ళీ అడిగారు.

"ఎవరూ రాలేదండీ."

"రేపు తప్పకుండా వస్తారటండీ" అన్నాను. ఈసారి నోరు జారిందని చెప్పుకోవడానికి లేదు. ఆలోచించుకునే చెప్పాను.

శుక్రవారం సాయంత్రం నేను వచ్చేసరికి ఆవిడ వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. కరెంటు వాళ్ళు వచ్చారా అని అడగడానికి నాకు మొహం చెల్లలేదు. ఆవిడే మాట్లాడారు.

"ఇయ్యాల కూడా రాలేదండి. పాపం ఆళ్ళకెన్ని ఇళ్ళో. మా చెల్లెలొచ్చిందండి నెల్లూరి నించి. భీమడోలులో కూతురింట్లో నాలుగు రోజులుంది. చూసి మూడేళ్ళైంది. నేనే ఎళ్దామనుకున్నాను గానీ, ఈ కరెంటాయనెప్పుడొస్తాడో తెలవదు కదా. భీమడోలులో పెద్దబండి ఆగదని ఇయ్యాల తాడేపల్లిగూడెం ఎళ్ళి ఎక్కింది. ఏలూరులో రెండు నిమిషాలాగుద్ది, ప్లాట్‌ఫాం మీదికి రావే అంది. మీరేమో తప్పకుండా ఇయ్యాలే అన్నారు. ఆడొచ్చి ఎళ్ళిపోతే మళ్ళీ మిమ్మల్నే కదా ఇబ్బంది పెట్టాలని, ఎళ్ళలేదండి."

ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. నా మీద నమ్మకం తప్ప మరేమీ లేదు. భీమడోలు ఎంత దూరం, బండెక్కితే అరగంట. స్టేషనైతే ఆటోలో పది నిమిషాలు. తల వంచుకుని ఇంట్లోకి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లో నిలబడిపోయాను. పిల్లల నోటుబుక్కుల్లో "నిజం చెప్పుము" అని రాయించే మనిషిని.

ఫ్రిజ్ మీద బిల్లు తీసుకుని మేడ మీదకు వెళ్ళాను. పాత ప్రశ్నపత్రం వెనుక చెప్పాల్సిందంతా రాసుకున్నాను. నమస్కారమండీ దగ్గరనుంచి థాంక్సండీ దాకా. రెండుసార్లు నంబరు నొక్కి, మోగకముందే కట్ చేశాను. మూడోసారి కళ్ళు మూసుకుని ఉండిపోయాను. రికార్డు గొంతు ఏవేవో అంకెలు నొక్కమంది. నొక్కాను. పాట వచ్చింది. తర్వాత ఒక మనిషి.

"చెప్పండమ్మా."

కాగితం చూసి చదివాను. గొంతు సన్నగా, ఎవరిదో అన్నట్టు వచ్చింది. సర్వీసు నంబరు అడిగాడు, చెప్పాను. అంతవరకూ కాగితం మీద ఉంది.

"ఇంతకుముందు దీనికి కంప్లైంటు ఏదైనా ఇచ్చారాండీ?"

ఇది నేను రాసుకోలేదు. ఫోన్ పెట్టేయాలని వేలు ఎర్ర గుర్తు మీదకు వెళ్ళింది కూడా.

"అమ్మా, లైన్లో ఉన్నారా?"

"ఉన్నానండీ. ఇవ్వలేదండీ. ఇదే మొదటిసారి."

"సరేనండీ. రేపు మనిషి వస్తాడు. ఇంట్లో ఎవరైనా ఉంటారు కదా?"

"ఉంటారండీ" అన్నాను. అంతే అయిపోయింది. ఫోన్లో చూస్తే నాలుగు నిమిషాలు. ఊపిరి పీల్చుకుంటాననుకున్నాను. మేడ మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఆ నాలుగు నిమిషాలూ సోమవారమే పెట్టి ఉంటే ఆవిడ చెల్లెల్ని చూసేవారు.

శనివారం పదకొండింటికి మనిషి వచ్చి కొత్త మీటరు పెట్టి వెళ్ళాడు. మధ్యాహ్నం ఆవిడ గిన్నెలో సేమ్యా పాయసం పట్టుకుని వచ్చారు.

"మీరు చెప్పబట్టే వచ్చేడండి. పెద్ద సాయం చేసేరు."

గిన్నె చేతిలో పట్టుకున్నాను. వేడిగా ఉంది. ఆ పాయసం పుచ్చుకుని ఊరుకుంటే ఇక ఏనాటికీ చెప్పలేనని తెలుసు.

"ఆంటీగారూ, నేను మంగళవారం ఫోన్ చేయలేదండీ. నిన్న సాయంత్రం చేశాను. మీరు చెల్లెలి సంగతి చెప్పాక."

ఆవిడకు వెంటనే అర్థం కాలేదు.

"చేసేనన్నావు కదా?"

మొదటిసారి నన్ను నువ్వు అన్నారు.

"అబద్ధం చెప్పానండీ. నాకు ఫోన్లో కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే భయం."

"గురువారం?"

"అప్పుడూ అబద్ధమేనండీ."

పిల్లలకి పాఠాలు చెప్పేదానివి, భయమేంటి అని అడుగుతారనుకున్నాను. అడగలేదు.

"బండి కదిలేటప్పుడు ఫోన్లో ఏడిచింది" అన్నారు. తర్వాత పైట సర్దుకుని, "చల్లారిపోద్ది, తినండి" అని వెళ్ళిపోయారు. నేను తినలేకపోయాను.

రాత్రి మా వారికి కూడా చెప్పాను. ఆయన కంచం ముందు ఆగిపోయి, "అయితే గ్యాస్ గొడవ? కుళాయి పన్ను?" అన్నారు. అన్నిటికీ ఆటోలో వెళ్ళానండీ అన్నాను. తిడతారనుకున్నాను. "నాకు చెప్పొచ్చు కదా" అని మాత్రం అన్నారు. అది తిట్టుకన్నా ఎక్కువగా తగిలింది.

ఆ తర్వాత మా ఇంటి ఫోన్లన్నీ నేనే చేస్తున్నాను. ధైర్యం వచ్చి కాదు. చేయనప్పుడు ఏమవుతుందో చూశాను కనుక. ఇప్పటికీ ముందు కాగితం మీద రాసుకుంటాను, ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. రాయని ప్రశ్న వస్తే, "తెలియదండీ, కనుక్కుని చెబుతాను" అంటాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

ఎదురింటావిడ మాత్రం ఏ కాగితమూ నా దగ్గరకు తేవడం మానేశారు. కనిపిస్తే పలకరింపులు మామూలే. ఏదైనా బిల్లు వస్తే వీధి చివర కిరాణా కొట్టాయన దగ్గరకు తీసుకెళ్ళేవారు. ఒకసారి నేను అక్కడే ఉప్పు కొంటుండగా, ఆవిడ బిల్లు మడత విప్పి ఆయనకిచ్చారు. నన్ను చూసి చిన్నగా నవ్వారు. ఉప్పు ప్యాకెట్ తీసుకుని చిల్లర కూడా చూసుకోకుండా వచ్చేశాను.

వానాకాలంలో ఒకరోజు ఆవిడ మా గుమ్మం దగ్గరకు వచ్చారు. సిలిండరు ఇచ్చేసినట్టు ఫోనుకి మెసేజ్ వచ్చిందట, సిలిండరు మాత్రం రాలేదట.

"కొట్టాయన ఎవరిదో పెళ్ళికి పెంటపాడు ఎళ్ళాడంట" అన్నారు. వేరే దిక్కులేక వచ్చానని దాచలేదు. "నువ్వు చెయ్యి. ఇక్కడే చెయ్యి. స్పీకరు పెట్టు, నేను కూడా వింటాను."

రాసుకోవడానికి వ్యవధి లేదు. కాగితం లేకుండా నంబరు నొక్కాను. అవతల ఒకమ్మాయి ఎత్తింది. విషయం చెప్పాను, మధ్యలో రెండుసార్లు తడబడ్డాను. మా సిలిండర్లబ్బాయి ఇచ్చేసినట్టు పొరపాటున నొక్కి ఉంటాడు, రేపు పంపిస్తామండీ అంది. థాంక్స్ చెప్పి పెట్టేశాను. ఎదురింటావిడ తల ఒక పక్కకు వంచి అంతా విన్నారు.

"నంబరేదీ?"

"ఏ నంబరండీ?"

"కంప్లైంటు నంబరు. కొట్టాయన రాసిస్తాడు ప్రతిసారీ. రేపు రాలేదంటే ఏం చెప్పుకుంటాం?"

నాకు తట్టనే లేదు. ఒకసారి మాట్లాడేసరికే నా ఓపిక అయిపోయింది. రేపు కనుక్కుంటానండీ అనబోయి ఆగాను. ఆవిడ కదలకుండా నా చేతిలో ఫోన్ వంక చూస్తున్నారు. అదే నంబరు మళ్ళీ నొక్కాను. అదే అమ్మాయి ఎత్తింది.

"ఇప్పుడే కదండీ చేశారు?"

"అవునండీ, నేనే. కంప్లైంటు నంబరు అడగడం మర్చిపోయాను. చెబితే రాసుకుంటాను."

ఆ అమ్మాయి ఒక్కో అంకే చెప్పింది. నేను పైకి అంటూ రాశాను. ఎదురింటావిడ కూడా నాతోపాటు పెదవులు కదిపారు. ఫోన్ పెట్టేశాక కాగితం తీసుకుని, మడిచి, జాకెట్లో పెట్టుకుని గొడుగు తెరుచుకుంటూ మెట్లు దిగారు.