అవ్వ బోను, నువ్వుల ముద్ద

నేను పెట్టిన మొదటి బోనులో పడింది మా తాత కుడిచెయ్యి. తెల్లారగట్ల టప్‌మని చప్పుడైతే, పందికొక్కు చిక్కిందన్న సంబరంతో చీపురు పట్టుకుని వడ్ల అర్రలోకి ఉరికాను. (చీపురుతో పందికొక్కును ఏం చేద్దామనుకున్నానో నాకే తెలియదు.) తాత బోను ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. చెయ్యి మణికట్టు దాకా లోపల, తలుపు దాని మీద. "అరవకు బిడ్డా, మీ అవ్వ లేస్తది" అన్నాడు. అవ్వ అప్పటికే నా వెనకాల నిలబడి ఉంది.

ఆ రోజుల్లో బాన్సువాడ చుట్టుపక్కల వరి పండించే ఇళ్లలో దొంగల కన్నా పందికొక్కుల భయమే ఎక్కువ. కాలువ నీళ్లు వదిలేసరికి నారు పొయ్యాలి. ఆ నారు కోసం దాచిన విత్తన వడ్ల సంచులకేమో రోజుకో చిల్లు. బాపు, అంటే మా నాన్న, ఎలుకల మందు తెస్తానన్నాడు. "ఇంట్ల మందు పెట్టద్దు" అని అవ్వ ఒక్క మాటతో కొట్టేసింది. బోను పెట్టడంలో మా వాడకట్టులో ఆమెను మించినవాళ్లు లేరు. పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా తిరుగుతున్న నన్ను శిష్యురాలిగా చేర్చుకుని, "పందికొక్కు పడితే ఇగ బోను నీదే" అంది. కలెక్టరు ఉద్యోగం వచ్చినంత మురిసిపోయాను. చేతులకు సబ్బు వాసన ఉండకూడదు, బూడిదతో రుద్దుకోవాలి. (నా కొత్త పౌడరు డబ్బా అటకెక్కింది.) బోను గోడ వెంటే ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, మొదట కొన్నాళ్లు తలుపును తాడుతో పైకి కట్టేసి ఊరికే మేత పెట్టాలి. "వచ్చి తిని పోనియ్యాలె. భయం పోయినంక తాడిప్పాలె" అనేది అవ్వ. మేత నువ్వుల ముద్ద, బెల్లం పాకం పట్టి ఆమే చేసేది.

రోజూ పొద్దున్నే చూస్తే ముద్ద మాయం. నేను గంతులేసేదాన్ని. అవ్వ మాత్రం వంగి నేలంతా చూసి, "గీ పందికొక్కు మంచిగ నేర్చుకున్నదే, ఒక్క నువ్వు గింజ గూడ కింద పడెయ్యలె" అనేది. షుగరు వచ్చి చాయలో చక్కెర కూడా బంద్ అయిన తాత, గడప మీద కూర్చుని "తెలివైనదే ఉన్నట్టుంది" అని తలాడించేవాడు. ఒక సాయంత్రం అవ్వ "ఇగ తాడిప్పు" అంది. ఇప్పాను. మర్నాడు తెల్లారగట్ల బోనులో తాత చెయ్యి చూసి అవ్వ అడిగింది:

"ఏందయ్యా గిది?"

"స్ప్రింగు గట్టిగున్నదా లేదా అని చూస్తున్ననే. పోరి పెట్టింది గదా, ఫికరయింది."

"స్ప్రింగు చూసెటోని పిడికిట్ల ముద్దెందుకు?"

"అడ్డమొస్తదని తీసిన."

"మరి మీసాలకు గా నువ్వులేంది?"

తాత ఖాళీగా ఉన్న చేత్తో గబుక్కున మీసం తడుముకున్నాడు. అక్కడ ఒక్క గింజ కూడా లేదు. ఒకే పొద్దున రెండు బోన్లలో పడ్డ మనిషిని నేను మళ్లీ చూడలేదు.

అవ్వ తలుపెత్తి, చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసింది. "షుగరు మనిషికి పుండయితే మానుతదా? దవాఖానల డాక్టరు చెప్పింది చెవికెక్కదా?" అని తిడుతూనే కొంగుతో కళ్లొత్తుకుంది. పుండేమీ కాలేదు. తలుపు అంచుకు పాత చీర పేలిక మెత్తగా చుట్టి ఉంది. నేను చుట్టలేదు. అడిగితే, "తుప్పు పట్టింది, అందుకే" అంది అవ్వ, నా వైపు చూడకుండా.

బాపు విత్తన వడ్లను దూలానికి వేలాడదీసి, నారు వేళకే పోశాడు. నాకు మాత్రం నా గోలే. "అవ్వా, బోను నాదేనా?" అన్నాను. "పందికొక్కు పడితే అన్న. పడ్డదా?" అంది. గోడకానుకుని చెయ్యి రాసుకుంటున్న తాత, "పడ్డదే, పాపం పోరికి ఇచ్చెయ్" అన్నాడు. అవ్వ కడుపుబ్బ నవ్వింది గానీ ఔననలేదు, కాదనలేదు.

ఇద్దరూ పోయారు. బోను ఇప్పుడు మా ఇంటి అటక మీద ఉంది, పేలికతో సహా. ఈమధ్య డాక్టరు నాకూ తీపి బంద్ చేశాడు. వంటింట్లో నువ్వుల ముద్దల డబ్బా మూత తీసే ముందు, వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని ఒకసారి చూసుకుంటాను. మా వడ్లు తిన్న అసలు పందికొక్కు మాత్రం ఎన్నడూ చిక్కలేదు. కాబట్టి ఆ బోను నాదో కాదో ఇప్పటికీ తేలలేదు.