కరీంబీ ఇంటి తోడు

షహనాకి కుదురు లేదు. తిరువూరులో పుట్టింటికొచ్చినా అంతే. వంటింటికీ గుమ్మానికీ మధ్య తిరుగుతూ, తోడేసిన గిన్నెను పదేపదే వంచి చూస్తుంది. "అట్లా కదిపితే ఎట్లా తోడుకుంటుందే?" అని తల్లి కరీంబీ కసురుతుంది. ఆ ఇంటి పెరుగులోంచి తీసిన బ్యాక్టీరియా మీదే షహనా పరిశోధన. నిన్న కూతురు ల్యాబు నుంచి వాటి సీసా తెచ్చిందన్న మురిపెంతో కరీంబీ పాత తోడు పారబోసి, పాలన్నిటికీ అదే వేసింది. తెల్లారినా పాలు పాలుగానే ఉన్నాయి.

షహనాకి సంగతి తెలిసొచ్చింది. త్వరగా పెరగాలన్న ఆత్రంలో ల్యాబులో తను ఆ బ్యాక్టీరియాకి పాలు మాన్పించి గ్లూకోజు పోసింది. పాలలోని చక్కెరను అరిగించే జన్యువును, ఇక దాంతో పని లేక, అవి తరాలు మారేకొద్దీ వదిలేసుకున్నాయి. ల్యాబులో దాచినవీ అవే.

"మళ్ళీ పాలల్లో పెంచితే అలవాటవదా?" అంది కరీంబీ.

"పోయింది తిరిగిరాదమ్మా. పాత తోడు చుక్కయినా లేదా?"

"మొన్న పక్కింటి మేరమ్మకి చెంచాడిచ్చా."

షహనా చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తింది. మేరమ్మ అప్పుడే గిన్నెమీద మూత పెడుతోంది. "మీ తోడే, మిగిలిన చెంచాడూ ఇప్పుడే వేశా. కదిపేవు తల్లీ!"

షహనా ఆ గిన్నె ఎదురుగా బాసింపట్టు వేసుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, మధ్యాహ్నందాకా కదలకుండా కూర్చుంది.